నలభై ఏడో నంబరు అద్దం

విబెకెకు మొగుడి మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ముప్ఫై మూడేళ్లుగా అదే నడుస్తోంది. మనిషి మంచివాడే. శుక్రవారం తప్ప తాగడు, పక్కింటి కంచె మీదుగా తగవుకు పోడు, వండింది వండినట్టు తింటాడు. వచ్చిన చిక్కల్లా జేబులతోనే. ఐవిన్ ఏ బట్ట విప్పినా దాని జేబులోంచి చిన్న కిరాణా కొట్టు దిగుతుంది. గుడ్డకు అంటుకుపోయిన లికోరీస్ మిఠాయి బిళ్లలు, మొన విరిగిన పెన్సిళ్లు, ఏ తలుపుదో తెలియని తాళంచెవి, నాలుగేళ్ల కిందటి పళ్ల డాక్టరు చీటీ. ఒకసారైతే ఉడికించిన బంగాళాదుంప దొరికింది. ఇదేమిటని అడిగితే, "ఎవరో ఇచ్చారు, కాదనలేకపోయాను" అన్నాడు. పెళ్లయిన మొదటి ఏడాది ఆమె అరిచింది. పదో ఏడాదికి వెక్కిరించడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఏమీ అనకుండా, దొరికినదాన్నల్లా వంటగది బల్ల మీదున్న నీలం బిస్కెట్ల డబ్బాలో పడేస్తోంది. అందులో బిస్కెట్లుండి ఇరవయ్యేళ్లయింది.

"ఈయన పోయాక పైన స్వర్గం గేటు దగ్గర జేబులు ఖాళీ చేయించేసరికే రెండ్రోజులు పడుతుంది. వెనక నిలబడ్డవాళ్లు తిట్టుకుంటారు పాపం" అని కనబడినవాళ్లందరితోనూ అనేది.

విచిత్రమేమిటంటే, ఇదే మనిషి కాస్త్రుప్ విమానాశ్రయంలో నోర్డ్‌లిన్యే విమాన కంపెనీ హ్యాంగరులో, అంటే విమానాలు బాగుచేసే షెడ్డులో, అడుగుపెడితే పూర్తిగా వేరే మనిషి. అక్కడ ప్రతి పనిముట్టుకూ ఒక గుంట ఉంటుంది. పసుపు స్పాంజి పలకలో, స్పానరుకు స్పానరు ఆకారంలో, సుత్తికి సుత్తి ఆకారంలో కత్తిరించిన గుంటలు. పనిముట్టు తీసుకున్నవాడు ఆ గుంటలో తన పేరున్న ఇత్తడి బిళ్ల పెట్టాలి. తిరిగి పెట్టేటప్పుడు బిళ్ల తీసుకోవాలి. ఒక్క గుంట ఖాళీగా కనబడినా, ఆ రాత్రి వాళ్ల చెయ్యి పడిన ఏ విమానమూ కదలకూడదు. పోయిన పనిముట్టు ఏ ఇంజన్లో ఉండిపోయిందో ఎవరికి తెలుసు? ఐవిన్ రాత్రి షిఫ్టుకు మేస్త్రీ. తన చేతికింద ముప్ఫై ఒక్కేళ్లలో ఒక్క గుంట కూడా ఖాళీగా మిగల్లేదని అతని గొప్ప.

ఆ గొప్ప ఇంటిదాకా వచ్చింది. వంటగది గోడకు చెక్క పలక కొట్టి, గరిటెకూ అట్లకాడకూ జల్లెడకూ నల్లరంగుతో నీడలు గీశాడు. ఏ వస్తువు నీడ మీద ఆ వస్తువే వేలాడాలి. ఒకనాడు బంగాళాదుంపల తొక్క తీసే కత్తి కనబడలేదు.

"తొక్కలతోపాటు చెత్తలోకి పోయుంటుందయ్యా, వచ్చి పడుకో" అంది విబెకె.

"ఎక్కడుందో తెలియకుండా నిద్రెలా పడుతుందే మనుషులకి?" అని నిజంగానే వెళ్లి చెత్తబుట్ట బోర్లించాడు. దొరికింది కూడా. ఆ కథ షిఫ్టులో అందరికీ కంఠతా వచ్చేదాకా చెప్పాడు.

అతని గుంటలు నిండుగానే ఉన్నాయి గాని, కంపెనీకే రెండేళ్లుగా అడుగున చిల్లు పడింది. మొదట పైలట్లు సమ్మె చేశారు. ఆ వేసవిలో వేలకొద్దీ పెట్టెలు ఒక గోదాములో గుట్టపడి, సెలవులకు దక్షిణాది దేశాలకు వెళ్లినవాళ్లు అక్కడ కొనుక్కున్న లోదుస్తులతోనే తిరిగొచ్చారు. తరవాత పైవాళ్లు ఇంకో దేశంలో ఇంకో పేరుతో చిన్న కంపెనీ పెట్టి, విమానంలో కాఫీ అందించే పిల్లల్ని అక్కణ్ణుంచి సగం జీతానికి తెచ్చారు. అది కోర్టుకెక్కింది. కోర్టు చీవాట్లు పెట్టిన వారంలోనే కంపెనీ పెద్దాయన తీసుకున్న బోనసు సంగతి పేపరుకెక్కింది. అప్పటిదాకా డబ్బిచ్చి ఆదుకున్న ప్రభుత్వం ఇక మా వల్ల కాదని చేతులెత్తేసింది.

రొట్టెల దుకాణంలో వరసలో నిలబడితే ఎవరో ఒకరు అడిగేవారు. "మీవారి విమానం ఇవాళ ఎగురుతోందా, విబెకె, విశ్రాంతి తీసుకుంటోందా?"

"ఎగురుతోందిట. దిగే సంగతి సాయంత్రం చెప్తామన్నారు" అనేది విబెకె. మొదటి ఏడాది అందరూ నవ్వేవారు. ఈ ఏడాది అడగడం మానేశారు. ఆమెకు అదే ఎక్కువ గుచ్చుకుంది.

కంపెనీ పొదుపు మొదలుపెట్టింది. ముందు హ్యాంగరులో కాఫీ మిషను పోయింది. తరవాత ప్రతి షిఫ్టులోనూ ఆరో మనిషి పోయాడు. మనుషులు తగ్గారు కనక, విమానం విమానానికీ పనిముట్లు లెక్క చూసుకునే పాత పద్ధతి మానేసి, షిఫ్టు చివర ఒక్కసారి చూస్తే చాలని పైనుంచి కాగితం వచ్చింది. ఐవిన్ ఆ కాగితం ఇంటికి తెచ్చి రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. అదిప్పుడు బిస్కెట్ల డబ్బాలో ఉంది. ఏప్రిల్లో చాకలి ఏర్పాటు కూడా పోయింది. "పనిబట్టలు ఉతుక్కోవడంలో ఉద్యోగుల సొంత చొరవను కంపెనీ హర్షిస్తోంది" అని ఉత్తరం.

"ఇది రాసినవాళ్లెవరో గాని మంచి సరసులే" అంది విబెకె.

అప్పటినుంచీ ఆ జిడ్డు ఓవరాల్స్ ఆమె పాలబడ్డాయి. చలికాలం జతకైతే లోపల దూది అస్తరు, మోకాళ్ల దగ్గర సంచుల్లో మందపాటి దిళ్లు. ఉతికే ముందు ఆ దిళ్లు లాగి పక్కన పెట్టాలి. కుడికాలి జేబు అడుగు చిరిగింది, కుట్టిపెట్టవే అని ఐవిన్ అడిగాడు. "రేపు" అంది. మూడు వారాలైనా ఆ రేపు రాలేదు.

నవంబరు రెండో సోమవారం ఉదయం ఆరింటికి షిఫ్టు దిగేటప్పుడు నలభై ఏడో నంబరు గుంట ఖాళీగా ఉంది. అది అద్దం గుంట. పళ్ల డాక్టరు నోట్లో పెట్టే అద్దంలాంటిదే. మూస్తే పెన్నంత, లాగితే మూరెడు. కన్ను ఆనని మూలల్లోకి తొంగిచూడటానికి పనికొస్తుంది. గుంటలో అదే షిఫ్టులో పనిచేసే ప్రెబెన్ పేరున్న బిళ్ల ఉంది.

ఐవిన్ చెయ్యాల్సింది చేశాడు. ఆ క్షణమే ఫోనెత్తి పైకి చెప్పాడు. రెండు విమానాల్ని నేలమీదే ఆపారు. మూడోది గంటంబావు ముందే షికాగో దారి పట్టింది. దాన్ని స్కాట్లండు మీంచి వెనక్కి తిప్పారు. ఇంజన్లు విప్పారు, చక్రాల గూళ్లు వెతికారు, అయిదుగురు మనుషులూ జేబులు తిరగేసి చూపించారు. అద్దం లేదు. మర్నాడు ప్రతి పేపర్లోనూ అదే వార్త, పక్కన కంపెనీ ప్రతినిధి నవ్వుముఖం, కింద ఆవిడ మాట: ఇది ఒక్క ఉద్యోగి నిర్లక్ష్యం. కంపెనీని నిలబెట్టాలా వద్దా అని అప్పులిచ్చినవాళ్లు తేల్చుకునే వారం అది.

"నేను ఐవిన్ చేతికిచ్చాను" అన్నాడు ప్రెబెన్. "పద్నాలుగో గేటు దగ్గర, వానలో. చక్రాల వెనక చూడాలి, అద్దం ఇలా ఇవ్వమన్నాడు."

"నాకివ్వలేదు" అన్నాడు ఐవిన్. అదే కాగితం మీద రాసి సంతకం పెట్టాడు.

అబద్ధం చెప్పాలని చెప్పలేదు. అతనికి నిజంగా గుర్తు లేదు. కూరల కత్తి కోసం చెత్తబుట్ట బోర్లించే మనిషికి ఒక విషయం గుర్తు లేదంటే అది జరగలేదనే అర్థం. అతనికే కాదు, ప్రెబెన్‌కు తప్ప హ్యాంగరులో అందరికీ అదే అర్థం.

ప్రెబెన్ వాళ్లకు రెండు వీధుల అవతల ఉంటాడు. పెళ్లాం ఎప్పుడో విడాకులు తీసుకుంది. పొట్ట నేలకు రాసుకునే పొట్టికాళ్ల కుక్క ఒకటుంది. ప్రతి ఆదివారం రై ధాన్యంతో నల్లరొట్టె కాల్చి సగం తను ఉంచుకుని సగం విబెకెకు తెచ్చిస్తాడు. ఐవిన్‌తో కలిసి ఇరవయ్యారేళ్లుగా పనిచేస్తున్నాడు. విచారణ శుక్రవారం పదింటికన్నారు, అందాకా షిఫ్టు మొత్తాన్నీ ఇంట్లో కూర్చోమన్నారు. తప్పు ప్రెబెన్‌దని తేలితే అతని లైసెన్సు పోతుంది. కంపెనీ మునిగినా సరే, మచ్చలేని మెకానిక్కుల్ని ఇరవైమందిని తీసుకుంటామని హాంబుర్గ్‌లో ఒక వర్క్‌షాపు ముందుకొచ్చింది. మచ్చ ఉన్నవాడికి మాత్రం యాభై ఎనిమిదేళ్ల వయసులో ఇంకెక్కడా తలుపు తెరుచుకోదు.

బుధవారం మధ్యాహ్నం విబెకె సోమవారం విప్పిన జత ఉతుకుదామని తీసింది. ఎడమ మోకాలి దిండు లాగింది, వచ్చింది. కుడిది లాగింది. దిండుతోపాటు పెన్నులాంటిదేదో జారి నేలమీద పడి గుండ్రంగా తిరిగింది.

ఆమె వంగి తీసింది. అటూ ఇటూ లాగింది. చివర నాణెమంత అద్దం, చిట్లకుండా, తళతళలాడుతూ. అందులో ఆమె కన్ను ఒక్కటే కనబడింది. కాడ మీద చెక్కిన అంకెలు చదవడానికి కళ్లజోడు కావలసి వచ్చింది. నలభై ఏడు.

జేబు అడుగు చిల్లులో వేలు పెట్టి చూసింది. వేలు అస్తరు వెంబడి జారి నేరుగా మోకాలి సంచిలోకి దిగింది. చాలాసేపు అలాగే, మొగుడి పంట్లాంలో చెయ్యి పెట్టుకుని, మిషను పక్కన స్టూలు మీద కూర్చుంది.

ఐవిన్ వెనక షెడ్డులో కిటికీ చట్రానికి రంగు వేస్తున్నాడు. ఆమె పిలవలేదు. వంటగదిలోకి వెళ్లి, గోడ పలక మీద గరిటె పక్కనున్న ఖాళీ మేకుకు ఆ అద్దం తగిలించి, కాఫీ పెట్టింది.

అతను చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. రొట్టె మీద లివర్ ముద్ద రాసుకుని, అలవాటుగా గోడవైపు చూశాడు. నోటిదాకా వెళ్లిన రొట్టె ఆగిపోయింది.

"అదేంటి?"

"నువ్వే చెప్పాలి. దానికి నీడ గియ్యలేదు మరి."

అతను లేచి, తీసి, వెలుతురుకు పెట్టి చూశాడు. కళ్లజోడు అవసరం లేకపోయింది.

"ఎక్కడిది?"

"నీ కుడి మోకాల్లోంచి పుట్టింది."

ఆమె ఓవరాల్ తెచ్చి బల్లమీద పరిచింది. అతను జేబులో రెండు వేళ్లు దూర్చాడు. అవి మోకాలి దగ్గర తేలాయి. కాలినట్టు వెనక్కి లాక్కున్నాడు. కూర్చున్నాడు. తరవాత అతను అన్న మాట ఆమె ఊహించనిది.

"ప్రెబెన్ పెట్టుంటాడు."

"నీ పంట్లాంలోనా?"

"భయపడి ఉంటాడు. ఎక్కడో ఒకచోట దాచాలిగా."

"నువ్వు అందులో ఉండగానే? దిండు లాగి, అద్దం పెట్టి, మళ్లీ దిండు దోపాడా? నీకు చక్కిలిగింతలన్నా పెట్టలేదా అయ్యా?"

అతను నవ్వలేదు. కళ్లు మూసుకున్నాడు. "వాన పడుతోంది" అన్నాడు. "మూడోది ఎప్పుడు వదుల్తావని పైవాళ్లు ఫోను. నాలుగోసారి. ఒక చేత్తో టార్చి..." అక్కడితో ఆగిపోయాడు. "నాకు గుర్తు లేదు."

"ప్రెబెన్‌కి ఫోన్ చెయ్యి."

"చేసి?"

"దొరికిందని చెప్పు."

"ఎక్కడ దొరికిందంటాడు." అతను అద్దాన్ని మూసి, తెరిచి, మూశాడు. "విబెకె, విను. కంపెనీ ఎలాగూ మునిగిపోతోంది. ఇవాళో రేపో. మునిగితే విచారణా లేదు, పాడూ లేదు. వాడికీ ఏం కాదు, నాకూ ఏం కాదు. ఇప్పుడు నోరు విప్పానంటే హాంబుర్గ్ జాబితాలో నా పేరు పోతుంది, నా మాట నమ్మినవాళ్లంతా నవ్వుతారు. రెండ్రోజులు ఆగు. దానంతటదే సర్దుకుంటుంది."

లేచి అద్దాన్ని బిస్కెట్ల డబ్బాలో వేసి మూత పెట్టాడు.

విబెకె ఇంకా గట్టిగా అనాల్సింది. అనబోయింది కూడా. కాని ఆ చిల్లు తను కుట్టని చిల్లు. నువ్వు మూడు వారాలు ఆగలేదా అని అతను అంటే దానికి ఆమె దగ్గర జవాబు లేదు. అతను అనలేదు. అనకపోవడంతో ఆమె నోరు ఇంకా గట్టిగా మూతబడింది.

గురువారం మధ్యాహ్నం ప్రెబెన్ వచ్చాడు. ఆదివారం కాకపోయినా సంకలో సగం రొట్టె, కాళ్ల దగ్గర కుక్క. మనిషి నాలుగు రోజుల్లో నాలుగేళ్లు పెద్దవాడయ్యాడు. గడ్డం గీసుకున్నాడు గాని ఒక చెంప మరిచిపోయాడు.

"రొట్టె ఇవాళ కొయ్యకు తల్లీ, రేపటికి కుదురుకుంటుంది" అని విబెకె చేతికిచ్చాడు. కుక్క తిన్నగా వెళ్లి ఐవిన్ పాదం మీద పడుకుంది.

కాఫీ పోసింది. ప్రెబెన్ మాట్లాడుతూ మాట్లాడుతూ నీలం డబ్బావైపు చెయ్యి చాచాడు. విబెకె అరచెయ్యి దాని మూత మీద పడింది.

"అందులో బిస్కెట్లుండవు."

"ఇరవయ్యేళ్లుగా చూస్తున్నా, నాకు తెలీదా? వీడి లికోరీస్ ఏమన్నా దొరుకుతుందేమోనని."

"అది పాతది. గుడ్డపోగులు అంటుకునుంటాయి." ఆమె అలమారలోంచి కొత్త పొట్లం తీసి, అవసరమైనదానికంటే ఎక్కువ చప్పుడు చేస్తూ చించింది. డబ్బాను ఆ చేత్తోనే అలమారలోకి చేర్చింది. ఐవిన్ కుక్క వీపు నిమురుతున్నాడు, పని పోతే కుక్కలు నిమిరే పనే తనదన్నట్టు.

"నేను గొడవకి రాలేదురా" అన్నాడు ప్రెబెన్. "ఒక సంగతి చెప్పి పోదామని వచ్చాను. ఆ రాత్రిని ముందునుంచి వెనక్కీ వెనకనుంచి ముందుకీ నడిపించి చూసుకున్నాను. ఎటునుంచి చూసినా నీ చేతికిచ్చినట్టే కనబడుతోంది. అద్దం మీద వానచుక్కలు, నువ్వు దాన్ని తొడకేసి తుడవడం, అన్నీ కనబడుతున్నాయి. కానీ నువ్వు లేదన్నావు. నువ్వు లేదన్నావంటే లేదు. కూరల కత్తి కోసం చెత్తబుట్ట బోర్లించినవాడివి నువ్వు. మరి నాకు కనబడేదేంటి?"

విబెకె అతని కప్పులో ఇంకాస్త కాఫీ పోసింది.

"మా అమ్మక్కూడా ఈ వయసులోనే మొదలైంది. జరగనివి జరిగినట్టు చెప్పేది. మేం నవ్వేవాళ్లం." అతను కాఫీ కలిపాడు. అందులో చక్కెర వెయ్యలేదు, అయినా కలిపాడు. "యూనియన్ ఆయన చెప్పాడు. తప్పు ఒప్పుకుంటున్నానని సంతకం పెట్టి, లైసెన్సు నా అంతట నేనే తిరిగిచ్చేస్తే మర్యాదగా పోతుందిట, విచారణలో నిలబెట్టరట. పెట్టేస్తాను. పనిముట్టు ఇంజన్లో మరిచి, మరిచిన సంగతి కూడా మరిచిపోయేవాడు విమానం మీద చెయ్యి వెయ్యకూడదు. రేపు ఎవరో పిల్లాపాపల్తో ఎక్కుతారు."

"తొందరపడకురా" అన్నాడు ఐవిన్. ఆ ఒక్క మాటే.

"తొందరేముంది, నాలుగు రోజులైంది" అని ప్రెబెన్ లేచాడు. కుక్కను మాత్రం లేపడానికి రెండుసార్లు పిలవాల్సి వచ్చింది.

విబెకె గుమ్మందాకా వెళ్లింది. అతను మెట్లు దిగుతుంటే పిలిచింది. "ప్రెబెన్."

"ఏం తల్లీ?"

నాలుక చివరిదాకా వచ్చింది. "మెట్ల మీద మంచు పట్టింది. చూసి దిగు."

"చూస్తున్నా, చూస్తున్నా" అని అతను ఒక్కో మెట్టూ ముసలివాడిలా కమ్మీ పట్టుకుని దిగాడు. నిన్నటిదాకా విమానం రెక్కల మీద నడిచిన మనిషి.

లోపలికొచ్చి ఆమె కుట్టుపెట్టె తీసింది. అన్నిటికంటే లావు దారం ఎక్కించి, ఆ జేబు అడుగు ఒక వరస కుట్టింది, దాని మీద ఇంకో వరస కుట్టింది. పూర్తయ్యాక ఓవరాల్ తీసుకెళ్లి ఐవిన్ ముందు పెట్టింది.

"కుట్టేశాను."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. మూడు వారాలు ఆలస్యం. ఆ మాట రేపు పదింటికి నేనే వెళ్లి చెప్తాను. చిల్లు నాది, కుట్టకుండా ఉంచింది నేను, అద్దం బుధవారం దొరికింది, రెండ్రోజులు నోరు మూసుకున్నాను. నా వంతు నేను చెప్తాను. నీ వంతు నువ్వు చెప్పుకుంటావో మానుకుంటావో నీ ఇష్టం."

అతను కుట్టు మీద బొటనవేలుతో నొక్కి చూశాడు. చాలా గట్టిగా ఉంది. "నేనూ వస్తాను" అన్నాడు.

శుక్రవారం ఉదయం ఏడింబావుకు రేడియో చెప్పింది. నోర్డ్‌లిన్యే మూతబడింది. విమానాలు ఎక్కడున్నవి అక్కడే ఆగాయి. ప్రయాణికులు విమానాశ్రయానికి రావద్దన్నారు. ఉద్యోగుల గురించి ఏమీ అనలేదు. ఐవిన్ గుడ్డు మీద పెంకు సగం ఒలిచి ఉన్నాడు. మిగతా సగం కూడా జాగ్రత్తగా ఒలిచి, తినకుండా లేచాడు.

"చూశావా" అన్నాడు. అందులో గెలుపేమీ లేదు. తను చెప్పినట్టే జరిగిందని అతనికి కూడా సంతోషం లేదు.

"కోటు వేసుకో" అంది ఆమె.

హ్యాంగరు గేటుకు కొత్త తాళం, దాని మీద కోర్టు వాళ్ల కాగితం. ముందు ముప్ఫై నలభైమంది ఫ్లాస్కులు పట్టుకుని నిలబడ్డారు, ఎవరి ఫ్లాస్కులో కాఫీ వాళ్లే తాగుతూ. గేటు దగ్గర కాపలావాడు తెలిసినవాడు కాడు.

ఐవిన్ అద్దం తీసి చూపించాడు. "ఇది లోపలిది. నలభై ఏడో నంబరు."

"లోపలికేదీ పోకూడదండీ, బయటికేదీ రాకూడదు. ఆర్డరు."

"లోపల దీని గుంట ఖాళీగా ఉంది."

కాపలావాడు అతన్నీ, అద్దాన్నీ, వెనక చీకటిగా ఉన్న హ్యాంగరునూ చూశాడు. "ఇప్పుడన్నీ ఖాళీయే కదండీ" అన్నాడు, మర్యాదగానే.

పక్కనున్న యూనియన్ ఆయన దగ్గరికొచ్చాడు. రాత్రంతా ఫోన్లలోనే గడిపినట్టున్నాడు, గొంతు బొంగురుపోయింది. "దొరికిందా? ఎక్కడ?"

"దొరికింది" అన్నాడు ఐవిన్. ఎక్కడో చెప్పలేదు. విబెకె పక్కకి తిరిగి అతని మొహం చూసింది.

"నేను చెప్తాను ఎక్కడ దొరికిందో" అంది. "పదింటికి విచారణ ఉందిగా?"

"ఏ విచారణ అమ్మా? విచారించేవాళ్ల ఉద్యోగాలే పోయాయి. ప్రెబెన్ నిన్న సాయంత్రమే సంతకం పెట్టి పంపేశాడు. లైసెన్సు కూడా విమానయాన శాఖకి తిరిగిచ్చేశాడు. హాంబుర్గ్ వాళ్ల జాబితా రాత్రే వెళ్లిపోయింది. ఐవిన్, నీ పేరుంది. వాడిది తీసేశారు."

"ఆ కాగితం వెనక్కి తీసుకోవచ్చా?"

"ఎవరి దగ్గరినుంచి? పెట్టించుకున్న కంపెనీ లేదు, కాగితం మాత్రం ఉంది. శాఖకి రాసి చూడండి. జవాబొచ్చేసరికి వాడికి అరవై దాటుతాయి." ఎవరో పిలిస్తే ఆయన వెళ్లిపోయాడు.

కంపెనీ మునిగితే అన్నీ దానితోపాటే మునుగుతాయన్నాడు ఐవిన్. ప్రెబెన్ తప్పు ఒక్కటి మాత్రం ఎండ్రకాయలా ఒడ్డుకు పాకి వచ్చేసింది. విబెకె ఆ మాట పైకి అనలేదు. అనాల్సిన అవసరం లేదని అతని నడక చూస్తే తెలిసింది. కారువైపు కాకుండా, ప్రెబెన్ ఇంటివైపు నడుస్తున్నాడు. రెండు మైళ్లు. తలమీద ఆకాశం ఎన్నడూ లేనంత నిశ్శబ్దంగా ఉంది.

కుక్క మొరిగింది. ప్రెబెన్ తలుపు తీశాడు. మెడలో ఏప్రన్, చేతిలో పసుపు చీటీల కట్ట.

"రేడియో విన్నాను" అన్నాడు. "లోపలికి రండి. గందరగోళంగా ఉంది, ఏమనుకోకండి."

నడవాలోకి అడుగుపెట్టగానే విబెకె ఆగిపోయింది. తలుపు లోపలివైపు ఒక చీటీ అంటించి ఉంది: తాళంచెవి. కుక్క. పొయ్యి. అలమార మీద ఇంకోటి: మాత్రలు వేసుకున్నావా. వంటగది కుళాయి మీద ఇంకోటి. పక్క గోడకు, పెన్సిల్తో గీసిన గరిటె నీడ, కత్తి నీడ, ఇంకా తడి ఆరని నల్లరంగు.

"నవ్వకండి" అన్నాడు ప్రెబెన్. "నీ పద్ధతేరా, ఐవిన్. ఎప్పుడూ వెక్కిరించేవాణ్ణి. ఇప్పుడు నాకే కావాల్సొచ్చింది. మంగళవారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నా. ముందే మొదలుపెడితే మందులున్నాయట."

ఐవిన్ కోటు జేబులో చెయ్యి పెట్టాడు. ముందు ఒక లికోరీస్ బిళ్ల వచ్చింది, తరవాత బస్సు టికెట్టు. రెండూ కిందపడ్డాయి. మూడోసారి అద్దం వచ్చింది. దాన్ని ప్రెబెన్ ముందు పట్టుకున్నాడు. కాడ లాగి తెరుస్తుంటే అద్దంలోంచి వెలుతురు చుక్క ఒకటి గోడమీది నీడల మీద అటూ ఇటూ పాకింది.

ప్రెబెన్ చీటీల కట్ట పక్కన పెట్టి, నెమ్మదిగా కళ్లజోడు తగిలించుకున్నాడు.

"పద్నాలుగో గేటు దగ్గర" అన్నాడు ఐవిన్. "వానలో. నువ్విచ్చావురా. నేను తీసుకున్నాను, తొడకేసి తుడిచాను, ఫోన్ మోగితే జేబులో వేసుకున్నాను. బుధవారం దొరికింది. నిన్న నువ్వు నా బల్ల దగ్గర కూర్చున్నప్పుడు అది ఆ నీలం డబ్బాలోనే ఉంది. నీ మతికి ఏం కాలేదు. తప్పు నాది."